మూడో ఆవర్తంలో జారిన కర్ర

డెల్బర్ట్ రస్క్ డ్రమ్ములు వాయించని రికార్డు లాస్ ఏంజెలెస్‌లో ఒక్కటైనా ఉందా అని అడిగితే, ఆ రోజులెరిగిన పాతకాపులు కాసేపు బుర్ర గోక్కుని, "ఉండే ఉంటుందిలే, మనం వినుండం" అనేవారు. పొద్దున పదింటికి కౌబాయ్ పాట వెనక గుర్రం నడకలా మెత్తగా తట్టేవాడు. మధ్యాహ్నం రెండింటికి పిల్లలు పాలల్లో వేసుకునే అటుకుల ప్రకటనకి టకటకలాడించేవాడు. సాయంత్రం ఆరయ్యేసరికి జుట్టు భుజాల దాకా పెంచిన రాక్ కుర్రాళ్ళ మధ్య కూర్చుని గోడలు అదిరేలా బాదేవాడు. మధ్యలో కారులోనే ట్యూనా చేప శాండ్‌విచ్ తిని, చొక్కా మార్చుకునేవాడు. ఎవరి పక్కన కూర్చోబెడితే వాళ్ళవాడిలా వాయించడం అతని విద్య. అదే అతని అన్నం, అదే అతని ఖర్మ. నలభై ఏళ్ళు పని చేస్తే రికార్డు అట్టల మీద అతని పేరు పట్టుమని పది చోట్ల లేదు.

పేరు లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ ఊళ్ళో అందరికీ తెలిసి, ఎవరూ పైకి అనని రివాజు ఒకటుండేది. వేదిక మీద పులిలా వాయించే బ్యాండు కుర్రాడు స్టూడియోలో రికార్డింగు మొదలైందనే ఎర్రదీపం వెలగ్గానే పిల్లి అయిపోతాడు. తాళం పరుగెడుతుంది, చేతులు బిగుస్తాయి. అప్పుడు డెల్‌కి ఫోను వస్తుంది. వెనక తలుపులోంచి వెళ్ళాలి, ఆ కుర్రాడి డ్రమ్ముల మీదే వాయించాలి, స్టూలు ఎత్తు కూడా మార్చకూడదు. అవమానం మీద అవమానం దేనికని. వాయించేసి, ఎవరికీ చెప్పనని మాటిచ్చి, వచ్చిన దారినే పోవాలి. రికార్డు మీద ఆ కుర్రాడి పేరే ఉంటుంది.

పంతొమ్మిది వందల డెబ్భై ఆరులో కాపర్ మైల్ అనే బ్యాండు అలాగే పిలిచింది. పాట పేరు సాల్ట్ రోడ్. పాట మధ్యలో మిగతావాళ్ళంతా ఆగిపోతారు, నాలుగు ఆవర్తాలు, అంటే తాళం నాలుగు చుట్లు తిరిగేదాకా, ఒక్క డ్రమ్ములే మోగాలి. వాళ్ళ డ్రమ్మరు రాయ్స్ కింబాల్, డెల్‌కి మంచి స్నేహితుడు. రెండు రోజులు కొట్టుకున్నా ఆ నాలుగు ఆవర్తాలూ దాటలేకపోయాడు. "ఒరే డెల్, నా వల్ల కావట్లేదురా" అని ఫోనులో ఏడ్చినంత పని చేశాడు. డెల్ వెళ్ళాడు. పొట్టివాడైన రాయ్స్ స్టూలు మీద మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే కూర్చుని వాయించాడు. మూడో ఆవర్తంలో చెమటకి ఎడమ చేతి కర్ర జారి కింద పడింది. ఒక దెబ్బ అంచు మీద తగిలింది, ఒక దెబ్బ అసలు పడనేలేదు. సంచిలోంచి ఇంకో కర్ర లాగి నాలుగో ఆవర్తం ఎలాగో పూర్తి చేశాడు.

అద్దం వెనక గదిలో అందరూ ఎగిరి గంతేశారు. "కావాలనే కర్ర వదిలేసి ఆ ఖాళీ ఏంటి గురూ! ప్రాణం పోయి వచ్చింది!" అన్నాడు పాటగాడు లోనీ ప్రాట్. ఈ పనిలో ఉన్నవాడెవడూ అవతలివాళ్ళు మెచ్చుకున్నాక అది తప్పని ఒప్పుకోడు. డెల్ కూడా కిమ్మనలేదు. కింద పడ్డ కర్ర తీసుకుని, రాయ్స్ భుజం తట్టి, రెండింటి అటుకుల పనికి పరుగెత్తాడు.

మూడు నెలల తర్వాత వెంచురా రోడ్డు మీద కారు నడుపుతుంటే రేడియోలో ఆ పాట వచ్చింది. మూడో ఆవర్తం, అంచు దెబ్బ, ఆ ఖాళీ. డెల్ కారు పక్కకి ఆపేశాడు. కర్ర నేల మీద పడ్డ చప్పుడు ఎలా తీసేశారో ఏమో, మిగతాదంతా తనదే. ఆ తర్వాత ఆ ఖాళీ దేశమంతా పాకింది. గ్యారేజీల్లో కుర్రాళ్ళు దాన్ని సాధన చేశారు. పత్రికలవాళ్ళు "రాయ్స్ కింబాల్ ఊపిరి" అని పేరు పెట్టి పేజీలు నింపారు. డెల్ చదివి, నవ్వి, పత్రిక మడిచి పెట్టేవాడు. ఇన్నేళ్ళలో ఆ రహస్యం ఒక్కరికే చెప్పాడు, భార్య ఎడిత్‌కి. పాపం రాయ్స్, మోయలేని పేరు మోస్తున్నాడని జాలిపడేవాడు. ఆ జాలిలో కాస్త తీపి కూడా ఉండేది, అబద్ధమెందుకు.

రాయ్స్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు కాపర్ మైల్ ముసలివాళ్ళు మళ్ళీ ఊరూరా తిరగడానికి సిద్ధమవుతున్నారు. రాయ్స్ స్టూలు మీద అతని కూతురు మార్లాని కూర్చోబెట్టి పరీక్షిస్తున్నారు. ముప్ఫై మూడేళ్ళ పిల్ల. బేకర్స్‌ఫీల్డ్ బార్లలో పదేళ్ళుగా వాయిస్తోంది. చెయ్యి గట్టిది, తాళం గడియారంలా నడుస్తుంది.

రెండు వేల తొమ్మిది ఏప్రిల్‌లో ఒక బుధవారం పొద్దున మార్లా డెల్ గ్యారేజీకి వచ్చింది. ఎడమ మణికట్టుకి కట్టు ఉంది.

"ఏమే పిల్లా, ఎవరిని కొట్టావ్?" అన్నాడు డెల్.

"నన్ను నేనే. ఆరు వారాలుగా ఆ నాలుగు ఆవర్తాలే కొడుతున్నా అంకుల్. పద్దెనిమిది పాటలు బాగున్నాయన్నారు. సాల్ట్ రోడ్ దగ్గరికి వచ్చేసరికి లోనీ మొహం తిప్పేసుకుంటున్నాడు. 'మీ నాన్న చెయ్యి అక్కడుందమ్మా, నీది రావట్లేదు' అంటాడు. శుక్రవారం ఆఖరు. రాకపోతే నాష్‌విల్ నుంచి ఎవడినో పిలుస్తారట."

డెల్‌కి ఒళ్ళు మండింది. మీ నాన్న చెయ్యి! ఆ రోజు అద్దం వెనకాలే నిలబడి చూసినవాడు ఈ పిల్లతో ఆ మాట ఎలా అనగలిగాడు? ముసలి గాడిద, సిగ్గుండాలి.

"చూపించు అంకుల్. నువ్వు వాయించనిది లేదంటారుగా. నాన్నలా నువ్వు వాయించి చూపించు, నేను చూసి పట్టుకుంటా."

డెల్ కూర్చున్నాడు. మూడుసార్లు వాయించాడు. మూడుసార్లూ మూడో ఆవర్తంలో ఆ ఖాళీ అతకలేదు. జారినదాన్ని కావాలని ఎలా జారుస్తాడు? ముప్ఫై మూడేళ్ళుగా ఎన్నిసార్లు చాటుగా ప్రయత్నించాడో అతనికే తెలుసు.

"నీకూ రావట్లేదు" అంది మార్లా మెల్లగా.

"రాదు. నాకెప్పుడూ రాలేదు."

"నాన్నకి వచ్చిందిగా." కర్రలు రెండూ ముందున్న స్నేర్ డ్రమ్ము మీద పెట్టేసింది. "ఇంక చాలు అంకుల్. ఆయన చేతులు నాకు రాలేదు, అంతే. డ్రమ్ములు అమ్మేసి వేరే పని చూసుకుంటా. ఆయన స్టూలు మీద కూర్చుని ఆయన పరువు తీయడం దేనికి?"

డెల్ పరిస్థితి కక్కలేక మింగలేక అన్నట్టయింది. చచ్చిపోయిన స్నేహితుడికి ఇచ్చిన మాట ఒకవైపు, కళ్ళెదుట పాడైపోతున్న పిల్ల ఒకవైపు. చివరికి బతికున్నవాళ్ళకే ఓటు వేశాడు.

"అమ్మాయ్, కూర్చో. మీ నాన్నకి కూడా రాలేదు. ఆ రికార్డు మీద వాయించింది నేను. నా కర్ర జారింది. నువ్వు ఆరు వారాలుగా చెయ్యి విరగ్గొట్టుకుంటున్నది గొప్ప కళ కాదు, కింద పడ్డ కర్ర."

మార్లా మొదట నవ్వింది. తర్వాత అతని మొహం చూసి ఆ నవ్వు ఆగిపోయింది. రంగు పాలిపోయింది.

"అబద్ధం."

"ఒట్టు తల్లీ."

"నాన్న సమాధి దగ్గర నువ్వే కదా మాట్లాడావ్? 'ఆ నాలుగు ఆవర్తాలూ మనమంతా పోయాక కూడా ఉంటాయి' అని ఏడ్చావ్. నీ గురించి నువ్వే ఏడ్చుకున్నావా? నా చిన్నప్పుడు ఆ పాట వచ్చినప్పుడల్లా నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నా చేతులు పట్టి వాయింపించేవాడు. అది నీదా? నీ కర్ర జారితే మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళు పండగ చేసుకున్నామా?"

"నీ మంచికే చెప్పా..."

"నోరు ముయ్యి అంకుల్!"

విసురుగా బయటికి పోయింది. కారు తలుపు దభేలున పడింది. డెల్ స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాడు. మంచి చెయ్యబోతే చెడు ఎదురైందంటే ఇదే. రెండు నిమిషాలకి ఆమె తిరిగొచ్చింది, కళ్ళు తుడుచుకుంటూ.

"కొత్తగా మళ్ళీ వేస్తున్న రికార్డు కోసం పాత టేపులు నీనా దగ్గరున్నాయి. లే. నా చెవులతో నేను వినాలి."

నీనా ఒర్టేగా స్టూడియో వాన్ నైస్‌లో టైర్ల దుకాణం వెనక ఉంది. పాత టేపులకి ప్రాణం పోయడం ఆమె పని. ఆ కాలం టేపులు జిగురెక్కి అంటుకుపోతాయి. వాటిని కరెంటు పొయ్యిలో రొట్టెల్లా సన్నని సెగ మీద ఎనిమిది గంటలు ఆరబెడితేగాని పలకవు. ఆ ముందురోజే సాల్ట్ రోడ్ టేపు పొయ్యిలోంచి తీసింది. ఆ డ్రమ్ములు వినాలని మార్లా అడగ్గానే కుర్చీలు లాగి, మిగతా వాద్యాలు ఆపేసి డ్రమ్ముల మైకులు మాత్రం తెరిచింది.

ముందు ఒక మగగొంతు, "పదకొండో టేకు. రాయ్స్ స్టూలు మీద మన అతిథి" అంది. నవ్వులు. తర్వాత డ్రమ్ములు. మూడో ఆవర్తంలో అంచు దెబ్బ, ఆ వెంటనే కర్ర నేల మీద పడి, టకటకమని దొర్లి, దేనికో తగిలి ఆగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. చివర్లో అప్పటికి ముప్ఫై అయిదేళ్ళ డెల్ గొంతు, ఇరవయ్యేళ్ళు కూడా దాటనంత లేతగా, "ఎలా ఉందిరా?" అంది.

మార్లా రెండు చేతులతో మొహం కప్పుకుంది. డెల్ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు. గెలిచినవాడిలా ఉండకూడదని అతనికి తెలుసు, కానీ లోపల గుండె కాస్త పొంగింది. ముప్ఫై మూడేళ్ళ తర్వాత సాక్ష్యం దొరికింది మరి.

"ఆగండాగండి," అంది నీనా. నుదురు చిట్లించింది. "రికార్డులో వేసింది ఇది కాదే."

"ఏం మాట్లాడుతున్నావమ్మా? ఆ అంచు దెబ్బ, ఆ ఖాళీ..."

నీనా అచ్చయిన రికార్డునీ ఈ టేకునీ ఒకేసారి మొదలుపెట్టింది. మొదటి ఆవర్తం కలిసి నడిచాయి. రెండో దాంట్లో ఒకటి వెనకబడింది. మూడో దానికి దేని దారి దానిదయింది. టేపు డబ్బా తిప్పి చూపించింది. పెన్సిలుతో రాసిన అంకెల్లో పద్నాలుగు చుట్టూ గుండ్రంగా గీత ఉంది.

"పద్నాలుగో టేకు వాడారు. పదకొండు తర్వాత మూడున్నాయి."

"ఉండటానికి వీల్లేదు," అన్నాడు డెల్. "నేను ఒక్కసారే వాయించి వెళ్ళిపోయా. నాకు రెండింటికి పనుంది."

"టేపుకి మీ పని సంగతి తెలీదుగా," అని నీనా ముందుకి పోనిచ్చింది.

పన్నెండో టేకు. డ్రమ్ములు రెండో ఆవర్తంలోనే తడబడి ఆగిపోయాయి. ఒక బూతు. ఆ గొంతు వినగానే మార్లా చేతులు మొహం మీంచి జారాయి. "నాన్న!" అంది.

పదమూడో టేకు మూడో ఆవర్తం దాకా వచ్చి, ఖాళీ దగ్గర కుంటి గుర్రంలా తూలింది. "మళ్ళీ," అంది రాయ్స్ గొంతు, రొప్పుతూ. "మధ్యాహ్నం నుంచి హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని విన్నా. వాడి చేతిలో ఎంత సులువుగా ఉందో! మళ్ళీ పోనీ."

పద్నాలుగో టేకు. రాయ్స్ పళ్ళ మధ్య అంకెలు లెక్కపెట్టుకోవడం మైకుల్లో గుసగుసగా వినిపిస్తోంది. ఒకటో ఆవర్తం. రెండోది. మూడో దాంట్లో అంచు దెబ్బ పడింది, తర్వాత ఖాళీ. కర్ర పడిన చప్పుడు లేదు. కర్ర అతని చేతిలోనే ఉంది. కొట్టాల్సిన చోట కొట్టకుండా ఆపి పట్టుకున్నాడు, అంతే. నాలుగో ఆవర్తం పూర్తయింది. నీనా అచ్చయిన రికార్డు పక్కన పెట్టి నడిపింది. మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసి నడిచాయి.

గదిలో గాలి సరిపోనట్టు డెల్ చొక్కా పై గుండీ తీసుకున్నాడు. ఊరందరి చేతులూ గుర్తుపట్టగలనని విర్రవీగినవాడు, ఇంకొకడి చేతిని ముప్ఫై మూడేళ్ళు తనదనుకున్నాడు. తను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మళ్ళీ చెయ్యలేకపోయినదాన్ని రాయ్స్ ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకున్నాడు. చేతకానివాడని తను జాలిపడ్డ రాయ్స్!

టేపు ఇంకా తిరుగుతోంది. లోనీ గొంతు అరుస్తోంది, "అదిరా! అదే! పిలవండి డెల్‌ని, ఫోను చెయ్యండి!"

"వద్దు," అంది రాయ్స్ గొంతు. కర్రలు కింద పెట్టిన చప్పుడు. "ఒరే లోనీ, డెల్‌కి చెప్పొద్దురా. ఊళ్ళో సగం పాటలు వాడివి, ఒక్కదాని మీదా వాడి పేరు లేదు. ఇదైనా తనదే అనుకోనీ. ఆ ఖాళీ ఉంది చూశావూ, నేను వెయ్యి జన్మలెత్తినా నాకలాంటి ఆలోచన రాదు. పాపం వాడు."

నీనా టేపు ఆపింది.

పాపం వాడు! డెల్ చెవుల్లో ఆ రెండు మాటలే మోగుతున్నాయి. ఆ రోజు కర్ర వదల్లేదు, జారిందని ఒక్క మాట నిజం చెప్పి ఉంటే, ఆ పిచ్చివాడు దాన్ని దేవుడిచ్చిన వరంలా నేర్చుకునేవాడే కాదు. రహస్యం దాచింది తానొక్కడే అనుకున్నాడు. తనకి తెలియకుండా అవతలివాళ్ళు తననే కడుపులో పెట్టుకుని దాచారు.

మార్లా అతని వైపు తిరిగింది. గెలుపూ లేదు, కోపమూ లేదు, కళ్ళనిండా నీళ్ళు.

"నీదని ఎవరికైనా చెప్పావా అంకుల్?"

"ఎడిత్‌కి. ఒక్కదానికే." టేపు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "రేడియోలో వస్తే పొయ్యి కట్టేసి వినేది. ఆఖరు నెలలో ఆసుపత్రిలో నర్సులకి కూడా చెప్పిందట, మా ఆయనదే అని. అదే నమ్ముకుని పోయింది." వెక్కివెక్కి ఏడ్చాడు, అరవై ఎనిమిదేళ్ళవాడు, టైర్ల దుకాణం వెనక గదిలో.

మార్లా అతని పక్కకి కుర్చీ లాక్కుంది. చాలాసేపు అతని వీపు నిమిరింది. తర్వాత నీనాతో, "పన్నెండు మళ్ళీ పెడతావా? పద్నాలుగు వద్దు. ఆయనకి రానప్పుడు ఎక్కడ తప్పుతున్నాడో వినాలి" అంది.

ఆ రోజూ మర్నాడూ ఇద్దరూ అదే పని. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. రాయ్స్ ఏ అంకె దగ్గర ఊపిరి బిగబట్టాడో, ఏ అంకె దగ్గర వదిలాడో డెల్ కాగితం మీద గీసి చూపించాడు. "చేతులు పుట్టుకతో రాలేదే అమ్మాయ్ మీ నాన్నకి. మొండితనం వచ్చింది. అది నీకూ ఉందిగా, బోలెడంత." మార్లా మణికట్టు కట్టు విప్పేసి నిదానంగా, లెక్కపెట్టుకుంటూ వాయించింది.

శుక్రవారం పదకొండింటికి సాధన గదిలో కాపర్ మైల్ ముసలివాళ్ళు నలుగురూ నిలబడి ఉన్నారు. సాల్ట్ రోడ్ మొదలైంది. అందరూ ఆగారు. మార్లా పెదవులు కదుపుతూ నాలుగు ఆవర్తాలూ వాయించింది. మూడో దాంట్లో ఖాళీ దగ్గర కర్ర గాల్లో ఆగింది, ఎవరూ ఊపిరి తియ్యలేదు, తర్వాత నాలుగోది పడింది. లోనీ పాడాల్సిన చోట పాడలేదు. మైకు ముందే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

పాట ఆగాక డెల్ దగ్గరికి వచ్చాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, పాత దొంగలా కన్ను గీటాడు. "నీ దెబ్బలు పిల్ల బాగా పట్టుకుందిరా డెల్. నేర్పింది నువ్వేగా! గురువంటే నువ్వురా."

ముప్ఫై మూడేళ్ళ తర్వాత కూడా, రాయ్స్ పోయిన తర్వాత కూడా, మాట నిలబెట్టుకుంటున్నాడు ముసలి గాడిద. డెల్‌కి మళ్ళీ ఏడుపొచ్చింది. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం అతనికి అలవాటే.

"నావి కావురా లోనీ," అన్నాడు అందరికీ వినిపించేలా. "రాయ్స్‌వి. పద్నాలుగో టేకు."

లోనీ మొహంలో నెత్తురు చుక్క లేదు. డ్రమ్ముల వెనక ఉన్న మార్లాని చూశాడు, మళ్ళీ డెల్‌ని చూశాడు.

"నీకు... నీకెవరు చెప్పార్రా?"

"రాయ్సే," అన్నాడు డెల్.